భూమి ఎక్కడుంది? మూడో తరగతిలో గ్రహాల పాఠం: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

మాది కృష్ణా డెల్టాలో కాలువ గట్టున ఉన్న చిన్న ప్రాథమిక పాఠశాల. నేను మూడో తరగతి టీచర్‌ని. 2024-25 విద్యా సంవత్సరంలో ఒక పాపతో చేసిన పని గురించి రాస్తున్నాను. ఊరు, కుటుంబం ఆనవాలు పట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. పాపని ఇక్కడ చిన్ని అంటాను. ఎనిమిదేళ్లు. అమ్మానాన్న పని మీద పట్నంలో ఉంటారు, పాప అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఏదడిగినా నోరు విప్పి చెప్పే పిల్ల. ఈ కేసు ఇంత వివరంగా రాయగలుగుతున్నానంటే సగం కారణం అదే. మనసులో మాట బయటపెట్టని పిల్లలకీ ఇదే చిక్కు ఉండొచ్చు, మనకు తెలియదంతే.

మా పిల్లలకు అంతరిక్షమంటే ముందు నుంచీ మోజు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 బయల్దేరినప్పుడూ, ఆగస్టు 23 సాయంత్రం అది చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు దిగినప్పుడూ ఊళ్లో అందరూ టీవీలకు అతుక్కుపోయారు. మరుసటి ఏడాది ఆ తేదీన మొదటిసారి జాతీయ అంతరిక్ష దినోత్సవం జరిపారు. ఆ సందర్భంగా బడిలో క్విజ్ పెడితే చిన్నికి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. ఎనిమిది గ్రహాలనూ వరసగా చెప్పింది, మళ్లీ వెనక నుంచి ముందుకూ చెప్పింది. అన్నిటికంటే పెద్దది గురుడు, ఎర్రగా ఉండేది అంగారకుడు, రాత్రీ పగలూ భూభ్రమణం వల్ల ఏర్పడతాయి. ఒక్క జవాబూ తప్పు పోలేదు.

సమస్య బయటపడిన తీరు

క్విజ్ అయిన వారంలోనే పిల్లలందరికీ తెల్లకాగితాలిచ్చి, "నువ్వు, మన బడి, భూమి, సూర్యుడు, చంద్రుడు అన్నీ ఒకే బొమ్మలో ఉండాలి, వేయండి" అన్నాను. మాటలతో అడిగితే పిల్లలు పుస్తకంలోని వాక్యం అప్పజెబుతారు. బొమ్మలో అలా కుదరదు. దేన్ని ఎక్కడ పెట్టాలో వాళ్లే తేల్చుకోవాలి.

చిన్ని కాగితం అడుగున అడ్డంగా ఒక గీత గీసింది. గీత మీద బడి, జెండా కర్ర, రెండు జడలతో తను. పైన ఎడమవైపు సూర్యుడు, కుడివైపు నెలవంక. ఆ రెండిటి మధ్యలో నీలం, ఆకుపచ్చ రంగులు వేసిన బంతి. దాని పక్కన 'భూమి' అని రాసింది.

"భూమి ఎక్కడుంది చిన్నీ?"

వేలు పైకి చూపించింది.

"మరి మనం?"

"మనం కింద టీచర్, నేల మీద."

"అక్కడెవరుంటారు మరి?"

కాసేపు ఆలోచించి, "సైంటిస్టులు వెళ్తారేమో" అంది.

ఆ పాప తలలో రెండు భూములున్నాయి. తను నిలబడి, ఆడుకుని, పడి మోకాలు చీరుకునే నేల ఒకటి. పుస్తకంలో, టీవీలో, చార్టులో కనిపించే బంతి ఇంకొకటి. రెండూ నిజమే తనకి. క్విజ్‌లో అడిగినవన్నీ రెండోదాని గురించే కాబట్టి ఎక్కడా పట్టుబడలేదు. విడిగా కూర్చోబెట్టి "రాత్రి ఎందుకవుతుంది?" అంటే, "సూర్యుడు కాలువ అవతలికి దిగిపోతాడు" అంది. "పరీక్షలో భూభ్రమణం అని రాశావుగా" అంటే, "అది భూమికి టీచర్" అంది. తన లెక్క ప్రకారం అందులో తేడా ఏమీ లేదు.

ఇది చిన్ని ఒక్కదానికి ఉన్న ఇబ్బంది కాదు. అమెరికాలో స్టెల్లా వోస్నియాడు, విలియం బ్రూవర్ ప్రాథమిక తరగతుల పిల్లలను అడిగి 1992లో ప్రచురించిన పరిశోధనలో సరిగ్గా ఈ రెండు భూముల ఊహ ఉంది. భూమి పళ్లెంలా బల్లపరుపుగా ఉందన్నవాళ్లు, బోలు బంతి లోపల మనం ఉంటామన్నవాళ్లు కూడా అందులో కనిపిస్తారు. 1996లో భారతీయ పిల్లల మీద వచ్చిన మరో అధ్యయనంలో భూమి నీళ్ల మీద ఆనుకుని ఉంటుందని చెప్పిన పిల్లలున్నారు. మా తరగతిలోనే ఒక బాబు భూమి కింద అలలు వేశాడు. ఇంట్లో విన్న కథలు, కంటికి కనబడే బల్లపరుపు నేల, బడి చెప్పిన గుండ్రటి భూమి, ఈ మూడిటినీ పిల్లలు తమకు చేతనైనట్టు కలిపి కుడుతున్నారు. వాళ్ల బుర్ర పనిచేస్తోందనడానికి అదే గుర్తు.

అందుకే ఆ రోజు "కాదమ్మా, ఇదే భూమి" అని దిద్దలేదు. టీచర్ చెప్పింది కాబట్టి చిన్ని ఒప్పుకునేది. బొమ్మ కూడా మార్చి వేసేది. లోపలి ఊహ మాత్రం అలాగే ఉండేది, పైగా ఇకమీదట నాకు చూపించడం మానేసేది. రెండు భూములను ఒకటి చేయాల్సింది తనే. గ్రహాల పాఠం కంటే ముందు జరగాల్సిన పని ఇది. తను నిలబడిన చోటు భూమి అని తెలియని బిడ్డకు అంగారకుడు భూమి పక్క గ్రహం అన్న మాటకు అర్థమే లేదు.

ఏం ప్రయత్నించాం, ఎందుకు పని చేయలేదు

మొదట అందరం చేసే పనే చేశాను. గ్లోబు తెచ్చి బల్ల మీద పెట్టి, ఆంధ్రప్రదేశ్ మీద వేలు పెట్టి, "మన బడి ఇక్కడ" అన్నాను. చిన్ని తలూపింది. రెండో బొమ్మలో మార్పు కనిపించింది. పైనున్న బంతి మాయమైంది. కాగితమంతా పెద్ద వృత్తం, దాని లోపల అడుగున చదునైన నేల, ఆ నేల మీద బడి. సూర్యుడు కూడా వృత్తం లోపలే ఉన్నాడు.

"బయట ఎందుకు వేయలేదు?" అని అడిగాను. "బయటుంటే జారిపోతాం కదా" అంది.

ఈ జవాబు దగ్గర చాలాసేపు ఆగాను. రెండు భూములు ఒకటయ్యాయి, అది ముందడుగే. కానీ గ్లోబు తనకు కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. బల్ల మీద గ్లోబులో మన దేశం పక్కవాలుగా ఉంటుంది. అక్కడ చీమను పెట్టినా పక్కకు వంగి నిలబడాలి. దక్షిణ అమెరికా ఇంకా కిందికి ఉంటుంది. గదిలో ఏది వదిలినా నేల మీద పడుతుంది కాబట్టి గ్లోబు మీద మనుషులు కూడా గది నేల మీదికి జారాలి. చిన్ని తర్కంలో లోపం లేదు. గ్లోబు నిలబెట్టిన తీరులోనే ఉంది లోపం. 'కింద' అంటే భూమి నడిబొడ్డు వైపు అన్న సంగతి దాన్ని చూస్తే తెలియదు.

తర్వాత స్మార్ట్ టీవీలో సౌర కుటుంబం వీడియోలు వేశాం. పిల్లలు కళ్లప్పగించి చూశారు. కానీ ఆ వీడియోల్లో కెమెరా ఎప్పుడూ బయటెక్కడో ఉంటుంది, సూర్యుడి దగ్గర మొదలై ఒక్కో గ్రహాన్నీ పలకరించుకుంటూ పోతుంది. భూమి కూడా దారిలో వచ్చిపోయే ఒక ఊరు. వీడియో అయ్యాక చిన్ని అడిగిన ప్రశ్న నోట్సులో రాసుకున్నాను: "బుధుడు సూర్యుడికి ఆనుకుని ఉన్నాడు కదా, కాలిపోడా?" తెర మీద అన్నీ ఒకదాని పక్కన ఒకటి కనిపించాయి, ఆ దూరాలనే నిజమనుకుంది. పిల్లలకు ఉత్సాహం తేవడానికి వీడియో మంచిదే. దూరాలు, తాము ఉన్న చోటు తెలియజేయడానికి అది సాయం చేయలేదు. ఆ రెంటి విషయంలో తప్పుదారి కూడా పట్టించింది.

మూడోది గ్రౌండులో ఆట. ఒక బాబు సూర్యుడు, మిగతావాళ్లు గ్రహాలు. చిన్ని భూమి. తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరగాలి. నాలుగు చుట్లకే తల తిరిగి కూలబడింది. "భూమి తిరుగుతుంటే మనకీ కళ్లు తిరగాలిగా టీచర్? అబద్ధం అది" అంది. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు అవసరమనిపించి గోడ గడియారం దగ్గరికి తీసుకెళ్లాను. గంటల ముల్లు కదలడం కనిపిస్తోందా అంటే లేదంది. ఆ ముల్లు పన్నెండు గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది. భూమి ఇరవై నాలుగు గంటలకు ఒక చుట్టు, అంటే ముల్లు కంటే సగం నిదానం. ఇంటర్వెల్ దాకా ముల్లును చూస్తూ కూర్చుంది. నమ్మిందని చెప్పలేను, అబద్ధమనడం మాత్రం మానేసింది.

ఈ మూడిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే లోటు ఒక్కటే. మూడింట్లోనూ పాపని భూమి బయట నిలబెట్టి భూమిని చూపించాం. తను మాత్రం భూమి మీద ఉంది. తన కళ్లకు కనిపించే చోటు నుంచి మొదలుపెట్టి బయటికి నడిపించాలి. దసరా సెలవుల తర్వాత ఆ దారి పట్టాం. గ్రహాల చార్టును కొన్నాళ్లు గోడ నుంచి తీసేశాను.

పని చేసినవి

జెండా కర్ర పక్కన ఇసుకలో ఒక కర్ర పాతాం. ప్రార్థన అప్పుడు, ఇంటర్వెల్‌లో, మధ్యాహ్న భోజనం ముందు, చివరి బెల్లు ముందు దాని నీడ కొసన ముగ్గుపిండితో చుక్క పెట్టాలి. ఏమీ వివరించలేదు. సూర్యుడు తిరుగుతున్నాడని పిల్లలు రాసుకున్నారు, రాయనిచ్చాను. కంటికి కనిపించింది అదే, ముందు దాన్ని జాగ్రత్తగా చూడటం నేర్చుకోవాలి. కొద్ది రోజులకే నీడ ఎప్పుడు ఎటు పడుతుందో చిన్ని ముందే చెప్పడం మొదలుపెట్టింది. (జూన్‌లో బడి తెరిచినప్పుడే ఈ పని మొదలుపెడితే ఇంకా మంచిది. మన ప్రాంతంలో ఆగస్టు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారు కర్రకు నీడే ఉండదు. పిల్లలు దాన్ని మర్చిపోరు.)

నవంబరులో తరగతిలోని ఒక బాబు వాళ్ల బాబాయికి వీడియో కాల్ చేశాం. ఆయన డల్లాస్‌లో ఉంటారు. మనకు ఉదయం తొమ్మిది, ఆయనకు ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నర. కిటికీ తెర తీసి చీకటి చూపించారు. పిల్లలు గోల గోలగా బయట మన గ్రౌండులో ఎండ చూపించారు. అప్పుడు చిన్ని ఫోన్ దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, మీరు తలకిందులుగా ఉన్నారా?"

"లేదమ్మా, నిటారుగానే నిలబడ్డాను." ఫోన్ కిందికి తిప్పి పాదాలు చూపించారు.

"మరి మీకు భూమి ఎటుంది?"

ఆయన కాలితో నేల మీద రెండుసార్లు తట్టారు. "ఇదిగో, నా కాళ్ల కింద."

చిన్ని తన కాళ్ల వైపు చూసుకుంది. ఇంకేమీ అడగలేదు. నేనూ ఆ పూట దాని మీద మాట్లాడలేదు.

ఆ మర్నాడు గ్లోబును మళ్లీ బయటికి తీశాం, ఈసారి స్టాండు లేకుండా. ఎండలో నీడ కర్ర పక్కనే చుట్టకుదురు పెట్టి, దాని మీద గ్లోబును కూర్చోబెట్టాం. ఆంధ్రప్రదేశ్ సరిగ్గా పైకి రావాలి, ఉత్తర ధ్రువం ఉత్తరం దిక్కుకు ఉండాలి. అలా పెడితే ధ్రువం దానంతటదే నేలకు పదహారు డిగ్రీల ఎత్తున నిలుస్తుంది, ఎందుకంటే మన ఊరి అక్షాంశం దాదాపు అంతే. అంటే మన కాళ్ల కింది అసలు భూమి ఆకాశంలో ఎటు ఒరిగి ఉందో, ఈ గ్లోబు కూడా అటే ఒరిగి ఉంటుంది. మన ఊరున్న చోట చిన్న మట్టిముద్దతో అగ్గిపుల్ల ముక్క నిలబెట్టాను. ఇక గ్లోబును ఎవరూ ముట్టుకోకూడదు.

చిన్ని ఇసుకలో కర్ర నీడ చూసింది, గ్లోబు మీద పుల్ల నీడ చూసింది. రెండూ ఒకే వైపు పడ్డాయి. వంగి గ్లోబు అవతలి పక్కకు వెళ్లింది. అమెరికా నీడలో ఉంది. అక్కడ కూడా పుల్ల అతికించమంది. అతికించాను. ఆ పుల్ల తల మన నేల వైపు ఉన్నా, దాని కాలు గ్లోబులోకే ఉంది. చాలాసేపు అలా వంగి చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, "అయితే బాబాయికి కింద అంటే ఇటు" అని గ్లోబు మధ్యలోకి వేలు చూపించి, "మనకి కూడా ఇటే" అంది.

గురుత్వాకర్షణ అన్న మాట అప్పుడు చెప్పాను. ముందే చెప్పి ఉంటే అదీ క్విజ్‌లో ఇంకో జవాబు అయ్యేది. మిగిలిన పగలంతా గంట గంటకూ వెళ్లి చూసి వచ్చారు. ఎండ పడిన సగం గ్లోబు మీద మెల్లగా జరిగింది. ఒక్కో దేశం వెలుగులోకి వస్తుంటే ఇంకొకటి చీకట్లోకి వెళ్లింది. ఆ రోజు వేసిన బొమ్మలో బడి బంతి బయట ఉంది.

గుడి నుంచి వచ్చిన ప్రశ్న

అది కార్తీక మాసం. సోమవారం అమ్మమ్మతో శివాలయానికి వెళ్లి నవగ్రహాలకు ప్రదక్షిణ చేసి వచ్చిన చిన్ని బడిలో అడుగు పెడుతూనే అడిగింది: "టీచర్, గుళ్లో తొమ్మిది ఉన్నాయి. భూమి లేదు. ఎందుకు?"

ఇలాంటి ప్రశ్న వస్తే చాలామంది టీచర్లు తప్పించుకుంటారు, లేదా అది వేరు ఇది వేరు అని తుంచేస్తారు. గుడిని తక్కువ చేస్తామేమో అన్న భయం అర్థం చేసుకోదగ్గదే. నాకు మాత్రం ఏడాది మొత్తంలో వచ్చిన అతి విలువైన ప్రశ్న ఇదనిపించింది. జవాబు చెప్పకుండా, ఆరు బయట నిలబెట్టి, "ఇక్కణ్నుంచి చూస్తే ఆకాశంలో ఏవేవి కనిపిస్తాయి?" అన్నాను. సూర్యుడు, చంద్రుడు, చుక్కలు అన్నారు. "భూమి కనిపిస్తుందా?" లేదన్నారు. "ఎందుకు కనిపించదు?" ఈసారి చిన్ని కాలితో నేల తట్టింది: "మనం దీని మీదే ఉన్నాం కాబట్టి."

ఆ తర్వాత చెప్పడం తేలికైంది. భూమి మీద నిలబడి ఆకాశాన్ని చూసిన మన పూర్వీకులు, చుక్కల మధ్య చోటు మార్చుకుంటూ తిరిగేవాటిని పట్టుకున్నారు. సూర్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. కంటికి కనిపించేవి ఈ ఏడే. రాహుకేతువులు చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లు, గ్రహణాలు పట్టేది వాటి దగ్గరే. పుస్తకంలోని జాబితాకు లెక్క వేరు. సూర్యుడి చుట్టూ తిరిగేవి అందులో చేరతాయి. అందుకే సూర్యుడూ చంద్రుడూ అందులోంచి పోయారు, భూమి వచ్చి చేరింది. యురేనస్‌ను 1781లో, నెప్ట్యూన్‌ను 1846లో టెలిస్కోపుతో పట్టుకున్నారు. 1930లో దొరికిన ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహాల్లోకి మార్చారు. జాబితాలు మారతాయని తెలిశాక పిల్లలకు బట్టీ మీద మోజు తగ్గడం గమనించాను. "ఏ లెక్కన చేర్చారు?" అని అడగడం మొదలైంది.

నవగ్రహ మండపంలో సూర్యుడు నడిమధ్యన ఉంటాడు కదా, దాన్ని సౌర కుటుంబానికి రుజువుగా చూపించమని తోటి టీచర్ సలహా ఇచ్చారు. పిల్లలు ఇట్టే పట్టుకుంటారు, నిజమే. కానీ గుడిలో ఆ అమరికకు కారణం పూజా విధానం. దాన్ని సైన్సు కింద చూపిస్తే గుడికీ, సైన్సుకీ రెంటికీ న్యాయం చేసినట్టు కాదని వద్దనుకున్నాను.

దూరాల నడక

భూమి దొరికాక గ్రహాల దగ్గరికి వెళ్లాం. వీడియో నాటి "బుధుడు కాలిపోడా" ప్రశ్న ఇంకా బాకీ ఉంది. ఇంటి నుంచి గింజలు తెమ్మన్నాను. భూమి రెండు మిల్లీమీటర్ల ఆవగింజ అనుకుంటే మిగతావన్నీ వంటింట్లోనే దొరుకుతాయి. బుధుడు గసగసం, శుక్రుడు మరో ఆవగింజ, కుజుడు రాగి గింజ, గురుడు ఉసిరికాయ, శని దానికంటే కాస్త చిన్న ఉసిరికాయ, యురేనస్, నెప్ట్యూన్ రెండు శనగ గింజలు. సూర్యుడు ఫుట్‌బాల్. చంద్రుడికి బొంబాయి రవ్వ పలుకు, ఆవగింజకు ఆరు సెంటీమీటర్ల దూరంలో.

బంతిని బడి గేటు దగ్గర పెట్టి గట్టు మీద టేపుతో కొలుచుకుంటూ నడిచాం. బుధుడు తొమ్మిది మీటర్లు. శుక్రుడు పదిహేడు. భూమి ఇరవై మూడున్నర. కుజుడు ముప్ఫై ఆరు. ఇక్కడిదాకా పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ తర్వాత నడుస్తూనే ఉన్నాం, గురుడు రాడే! 122 మీటర్ల దగ్గర ఉసిరికాయ పెట్టేసరికి గేటు దగ్గర బంతి కనిపించీ కనిపించనట్టు ఉంది. శనికి 225 మీటర్లు, అక్కడ ఆగిపోయాం. యురేనస్ 450 మీటర్లు, నెప్ట్యూన్ 700 మీటర్లు దాటి, వాటిని ఊళ్లో గుర్తులతో చూపించాను. ఇదే కొలతలో సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీని పెట్టాలంటే ఆరు వేల కిలోమీటర్లు దాటి పోవాలి. కశ్మీర్ నుంచి కన్యాకుమారికి ఉన్న దూరానికి దాదాపు రెట్టింపు.

తిరిగి వస్తూ భూమి దగ్గర ఆగి బంతి వైపు చూడమన్నాను. ఆ దూరం నుంచి బంతి ఎంత కనిపిస్తుందో, ఆకాశంలో సూర్యుడు మనకు అంతే కనిపిస్తాడు. సూర్యుణ్ని నేరుగా చూడకూడదు కాబట్టి, సూర్యుడంతే కనిపించే చంద్రుడితో సాయంత్రం పోల్చుకోమన్నాను. చాచిన చేతి చిటికెన వేలి గోరుతో రెండిటినీ కొలిచి చూశారు. బుధుడి సంగతి చిన్నే తేల్చింది: తొమ్మిది మీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి బంతికి ఆనుకుని లేడు, మనకంటే ఎక్కువ వేడి మాత్రం తగులుతుంది. గోడ మీద మళ్లీ పెట్టిన చార్టు చూసి, "కాగితంలో చోటు లేక దగ్గర దగ్గరగా వేశారు" అని పక్క పిల్లకు చెబుతుంటే విన్నాను.

ఇంటివాళ్ల పాత్ర

2025 జనవరి మాకు కలిసొచ్చింది. గ్రహాలన్నీ ఒకే వరుసలోకి వస్తాయంటూ ఫోన్లలో మెసేజీలు తిరుగుతున్నాయి. నిజానికి ఆ నెలంతా సాయంత్రం పడమట శుక్రుడు, నడినెత్తి వైపు గురుడు, తూర్పున కుజుడు టెలిస్కోపు అవసరం లేకుండా కనిపించారు. సంక్రాంతి సెలవులకు ఒక్కటే హోంవర్క్ ఇచ్చాను: ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి ఆ మూడిటినీ చూడటం. పండగ రాత్రుల్లో నిండు చంద్రుడికి దగ్గర్లోనే ఎర్రగా కుజుడు ఉండటంతో వెతుక్కునే పని కూడా తప్పింది.

సెలవుల తర్వాత అమ్మమ్మ బడికి వచ్చింది. "టీచరమ్మా, సుక్రుణ్ని నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పొద్దున పూట వేగుచుక్క అనేవాళ్లం. అది కూడా మనలాగే సూర్యుడి చుట్టూ తిరిగేదని ఈ పిల్ల చెబితే తెలిసింది" అంది. ఆమెకు ఆకాశం బాగా తెలుసు. ఏ కాలంలో ఏ చుక్క ఎటు వస్తుందో నాకంటే బాగా చెప్పగలదు. చిన్ని చదువు నిలబడటానికి ఆ సాయంత్రాలు చాలా తోడ్పడ్డాయి. ఎందుకంటే అక్కడ పాప, పాఠం అప్పజెప్పడం లేదు, తను నిలబడిన చోటు నుంచి ఆకాశాన్ని చూస్తోంది.

ఫలితం ఎలా కొలిచాను

ఫిబ్రవరిలో మళ్లీ అదే బొమ్మ అడిగాను. పెద్ద బంతి, చుట్టూ నలుగురు పిల్లలు, అందరి పాదాలూ బంతికి ఆని ఉన్నాయి. ఒక పక్క సూర్యుడు, రెండో సగం పెన్సిల్‌తో నలుపు. బొమ్మ ఒక్కటే చాలదు, దాన్నీ బట్టీ పట్టొచ్చు. అందుకే ఎవరూ నేర్పని ప్రశ్నలు వేశాను. "ఇక్కణ్నుంచి నేరుగా తవ్వుకుంటూ పోతే?" "మధ్య దాకా కిందికి, తర్వాత పైకి తవ్వాలి." "చంద్రుడి మీద నిలబడితే భూమి ఎటు కనిపిస్తుంది?" "పైన, ఆకాశంలో. చంద్రుడి నేల కాళ్ల కింద ఉంటుంది." గ్రహాల పేర్లు అడిగితే మధ్యలో తడబడింది, యురేనస్, నెప్ట్యూన్ తారుమారు చేసింది. ఆగస్టులో తడబడలేదు. ఆ నష్టం నాకు సమ్మతమే. పేర్లు ఏ వారమైనా నేర్చుకోవచ్చు.

తరగతిలో అందరికీ ఇంత స్పష్టత రాలేదు. భూమి కింద అలలు వేసిన బాబు ఇప్పుడు బంతి కింద అలలు వేస్తున్నాడు. భూమి ఆకారం గురించిన ఊహ కదిలింది, నీళ్ల మీద ఉందన్న ఊహ ఇంకా కదలాలి. నీడ కర్ర పని జరిగిన రోజుల్లో వాడు జ్వరంతో చాలావరకు బడికి రాలేదు. ఒక వరసలో మధ్య మెట్టు తప్పితే ఏమవుతుందో అక్కడ కనిపిస్తోంది.

తోటి టీచర్లకు

ఇదంతా సిలబస్ టైములో కుదురుతుందా అని అడుగుతున్నారు. నీడ చుక్కకు నిమిషం పట్టదు. ఎండలో గ్లోబుకు ఒక పూట, నడకకు ఒక పూట. ఎక్కువ సమయం పట్టింది పిల్లలు ఏమనుకుంటున్నారో వినడానికే. ఏదైనా వదులుకోవాల్సి వస్తే థర్మకోల్ మోడల్ వదిలేయండి, మొదటి బొమ్మ మాత్రం వదలకండి. ఆ బొమ్మ వేయించకుండా ఉంటే చిన్ని క్విజ్ ఫస్ట్‌గానే నాలుగో తరగతికి వెళ్లిపోయేది. వరస కూడా తారుమారు చేయొద్దు: నీడ, అవతలి మనిషి, ఎండలో గ్లోబు, ఆ తర్వాతే గ్రహాలు. నీడ చూడని పిల్లకు గ్లోబు మీద పుల్ల నీడ వట్టి పుల్ల నీడే.

చిన్నికి చంద్రకళలు ఇంకా తేలలేదు. చంద్రుడు రోజూ తరగడానికి భూమి నీడ పడటమే కారణమంటోంది. గ్రహణానికి చెప్పాల్సిన జవాబు అది. నాలుగో తరగతి టీచర్‌కు ఇచ్చిన నోట్సులో దాని గురించే రాశాను. పౌర్ణమి వెళ్లిన ఏడెనిమిది రోజులకు, ప్రార్థన వేళకు తూర్పున ఎండ ఉంటుంది, పడమట సగం చంద్రుడు ఇంకా కనిపిస్తూ ఉంటాడు. అప్పుడు పాప చేతికి సున్నం పూసిన బంతి ఇచ్చి, ఎండలోనే ఉంచి, చంద్రుడి వైపు చాచి పట్టుకోమనాలి. బంతి మీద కూడా చంద్రుడి మీద ఉన్నంతే వెలుగు, అదే పక్కన కనిపిస్తుంది. బంతి మీద భూమి నీడ ఎక్కడ పడిందో చూపించమని తననే అడగాలి.